పుల్లెద్దు డెప్యుటేషన్

మా సంతలో మనుషులు ఎదగడం లేదన్న సంగతి రాజధానిలో కూర్చున్నవాళ్లకు ఎట్లా తెలిసిందో గానీ, తెలిసింది. తెలిసిన వెంటనే ఒక మిషన్ పుట్టింది. దాని పేరు స్వీయ వికాస మిషన్. మనిషి తనను తానే అభివృద్ధి చేసుకుంటే ప్రభుత్వం అతన్ని అభివృద్ధి చేయాల్సిన పని తప్పుతుంది గదా అని పైవాళ్లు ఆలోచించినట్టున్నారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. రోడ్డు వేయాలంటే కంకర కావాలి, తారు కావాలి. మనిషి ఎదగాలంటే షామియానా, మైకు ఉంటే చాలు.

ఉత్తర్వు వచ్చింది. "బహిరంగ లావాదేవీలు జరుగు ప్రతి స్థలమున, అందు పాల్గొను ప్రతి ఒక్కరు ఒక నూతన నైపుణ్యమును అలవరచుకొనిన పిదప మాత్రమే సదరు లావాదేవీకి అర్హులగుదురు" అని దాని సారాంశం. మొదట రేషన్ షాపు ముందు అమలు చేశారు. అక్కడ జనం ఒత్తిడిని జయించడం నేర్చుకున్నారు. తర్వాత బస్టాండులో సమయపాలన నేర్పారు. బస్సు రాలేదు కాబట్టి అందరికీ నేర్చుకునే తీరిక దొరికింది. ఆ రెండూ దిగ్విజయమైనాక మిషన్ చూపు మా పశువుల సంత మీద పడింది.

సరిగ్గా అప్పుడే మా ఊళ్లో వరసకు నాకు మామయ్యే మారెన్నకు ఎద్దు కావాల్సి వచ్చింది.

మారెన్నకున్న జతలో ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. కర్రెద్దు ఒక్కటి మిగిలింది. ఒంటి ఎద్దుతో సేద్యం కాదు. పైగా కర్రిది దాపట, అంటే కాడికి ఎడమ పక్కన అలవాటైంది. కుడి పక్కన లాగే ఎద్దును, వెలపట ఎద్దును, వెతికి తేవాలి. ఆ వెతుకులాటలో ఉండగా వాన పడింది. మాది ఎర్రనేల. పడిన వాన పదును, అంటే విత్తడానికి సరిపోయే తడి, రెండు పొద్దులు నిలిస్తే గొప్ప. ఆ లోపల వేరుశనగ గింజ నేలలో పడాలి. పడకపోతే మళ్లీ వాన ఎప్పుడొస్తుందో మా జిల్లాలో ఎవరూ చెప్పరు. చెప్పినవాణ్ణి నమ్మరు. వాన పడిన మర్నాడే సంత. ఆ సాయంత్రానికి ఎద్దు ఇంటికొస్తే తెల్లారి విత్తనం పడుతుంది, రాకపోతే ఆ ఏటి పంట లేదు.

"నువ్వు గూడా రాప్పా. కాగితాలుంటాయంట" అన్నాడు మారెన్న. బి.ఏ. చదివి ఊళ్లోనే ఉండిపోయిన పాపానికి, కాగితం కనిపించిన ప్రతిచోటికీ నన్ను వెంటబెట్టుకుపోవడం మా ఊళ్లో రివాజు.

సంతలో అడుగుపెడుతూనే పీరాసాబు పిలిచాడు. ఎద్దుల బేరాలు కుదర్చడంలో ఆయన చేయి తిరిగిన మనిషి. ఆ చేయి ఎప్పుడూ తువ్వాలు కిందే తిరుగుతుంది. మా వైపు ఎద్దుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ దళారీ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్ని వేళ్లు నొక్కితే ఎంత అని లెక్క. పైకి మాత్రం వానల గురించీ అల్లుళ్ల గురించీ మాట్లాడుకుంటుంటారు.

"మారెన్నా, నీ కర్రికి సరిజోడు వచ్చుండాది, చూడు" అన్నాడు పీరాసాబు. ఒక పుల్లెద్దును చూపించాడు. లేత గోధుమ రంగు, ఆరు పండ్లది, అంటే ఎదిగిన వయసుది. పావగడ వైపు నుంచి ఒక ముసలాయన తోలుకొచ్చాడు. మారెన్న దాని నోరు తెరిచి పండ్లు చూశాడు, వీపు చరిచాడు, తోక మెలిపెట్టాడు, నాలుగడుగులు నడిపించాడు. వెలపట లాగుతుందా అని అడిగాడు.

"వెలపటే సామీ. దాపట కడితే మాత్రం పండుకుంటాది" అన్నాడు ముసలాయన.

మారెన్న ముఖం వెలిగింది. పీరాసాబు తువ్వాలు దులిపి ముసలాయన చేతి మీద వేశాడు. వేశాడో లేదో, వెనకనుంచి ఈల మోగింది.

జిల్లా స్వీయ వికాస సమన్వయాధికారి పరంజ్యోతి గారు జీపు దిగి వస్తున్నారు. వెనక ఒక గుమాస్తా, ఆయన వెనక మైకు.

"గుడ్డ తీయండి" అన్నారు పరంజ్యోతి గారు.

తీశారు. కింద రెండు చేతులు తప్ప ఏమీ లేవు. ఆయన కాస్త నిరాశపడ్డట్టు కనిపించారు.

"చేతులు దాచుకుని, ఒకరి కళ్లలోకి ఒకరు చూడకుండా, చెప్పాల్సింది చెప్పకుండా... దీన్ని ఏమంటారో తెలుసా? భావ వ్యక్తీకరణ లోపం. మీ వెనుకబాటుతనానికి మూలం ఈ గుడ్డ."

"లోపం కాదు సార్, మర్యాద" అన్నాడు పీరాసాబు. "ఈన ఎంతకి దిగినాడో పక్కోనికి తెలిసిపాయెననుకో, బేరం చెడితే మల్ల ఆ ఎద్దుకి పరువుండదు."

పరంజ్యోతి గారు ఆగిపోయారు. కళ్లు చిన్నవి చేసి పుల్లెద్దు వైపు చూశారు.

"ఎద్దుకు పరువు ఉందని మీరే అంటున్నారు. పరువుందంటే వ్యక్తిత్వం ఉన్నట్టు. వ్యక్తిత్వం ఉన్నదాన్ని వికసింపజేయకుండా వదిలేయడం మిషన్ స్ఫూర్తికి విరుద్ధం." గుమాస్తా వైపు తిరిగారు. "ఎద్దులను కూడా చేర్చండి."

పీరాసాబు తన నాలుకను తానే కొరుక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

ముందు మనుషుల వంతు. షామియానా కింద అందరినీ కూర్చోబెట్టారు. సమయపాలన, ఒత్తిడి నివారణ, లక్ష్య నిర్ధారణ, సానుకూల భాషణం, వీటిలో ఒకటి ఎంచుకోమన్నారు. సమయపాలన తీసుకున్నవాళ్లకు తరగతి మూడు గంటలు ఆలస్యంగా మొదలవుతుందని చెప్పారు. మారెన్న తొందరగా అయ్యేది ఏదని నన్నడిగాడు. లక్ష్య నిర్ధారణలో ఒకే ఒక ప్రశ్న ఉందంటే అందులో చేరాడు.

"ఐదేళ్ల తరువాత మీరు ఎక్కడ ఉండాలని కోరుకుంటున్నారు?" అని అడిగారు పరంజ్యోతి గారు.

"చేన్లో సామీ."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఇప్పుడూ చేన్లోనే ఉండాల్సింది. మీరు ఇడ్సిపెడ్తే పోతా."

"అంటే ఐదేళ్లలో ఎదుగుదల శూన్యం. పెద్దగా ఆలోచించండి. మీ జీవితంలో మీరు సాధించదలచుకున్నది ఏమిటి?"

మారెన్న పెద్దగానే ఆలోచించాడు. "వెలపట ఎద్దు."

"అది లక్ష్యం కాదయ్యా, అవసరం. అవసరాల్లో ఇరుక్కున్నవాడు ఎదగలేడు. ముందు అవసరాలను పక్కనపెట్టడం నేర్చుకోవాలి."

"పక్కన పెట్టేదానికే సామీ ఎద్దు కావాల. కర్రి పక్కన."

పరంజ్యోతి గారు నా వైపు చూశారు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే ఏదో ఒకటి చెప్పాలి. "ఐదేళ్లలో జిల్లాలోనే ఆదర్శ రైతు కావాలన్నది మా మామ లక్ష్యం సార్, బయటికి చెప్పుకోడు" అన్నాను. ఆయన సంతోషించి, మారెన్న చేతికి ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. దాని మీద ఎగురుతున్న గద్ద బొమ్మ ఉంది. మారెన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది కోడిపిల్లల్ని ఎత్తుకుపొయ్యేది గదప్పా" అన్నాడు నాతో మెల్లగా.

తర్వాత బేరం. ఇక మీదట బేరాలన్నీ మైకులో జరగాలి, కళ్లలోకి చూస్తూ జరగాలి, సానుకూల భాషలో జరగాలి. లోపం అనే మాట వాడకూడదు, మెరుగుపరచుకోదగిన అంశం అనాలి. ముందుగా ఒక యువకుణ్ణి మైకు దగ్గరికి పిలిచారు. పాపం నిజాయితీ గల మనిషి. "మా ఎద్దు తంతాది" అన్నాడు.

"తన అభిప్రాయాన్ని దృఢంగా వ్యక్తం చేస్తుంది" అని సరిదిద్దారు పరంజ్యోతి గారు.

దృఢమైన అభిప్రాయాలున్న ఎద్దు అనగానే ఒకాయన ముచ్చటపడి దగ్గరికెళ్లాడు. కాసేపటికి ఆయన్ని నలుగురు మోసి ఆటోలో పడుకోబెట్టారు. మోకాలి చిప్పకు అభిప్రాయం బాగా తగిలింది.

ధరలు చెప్పే ఘట్టం వచ్చేసరికి సంత మూగబోయింది. మైకులో ఒకడు తగ్గాడంటే సంతంతా వింటుంది. అమ్మేవాళ్లు నోరు విప్పలేదు. కొనేవాళ్లు గొంతు సవరించుకోవడం దగ్గరే ఆగిపోయారు. దళారీలు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నిండు సంతలో ఎద్దుల మెడగంటలు తప్ప మరో శబ్దం లేదు. "ఎంత ప్రశాంతత! ఇదీ మార్పు" అని పరంజ్యోతి గారు గుమాస్తాకు చెప్పి రాయించారు.

పొద్దు నడినెత్తి దాటింది. మారెన్న మాటిమాటికీ వంగి నేల మీద మట్టిని వేళ్లతో నలిపి చూసుకుంటున్నాడు. ఇక్కడ ఎంత ఆరిందో చూస్తే చేన్లో ఎంత ఆరిందో తెలుస్తుంది.

"పీరన్నా, ఏందో ఒకటి చెయ్యి" అన్నాడు.

పీరాసాబు చుట్టూ చూశాడు. అధికారి ముందున్న బల్ల మీద మిషన్ వారి పట్టుగుడ్డ ఒకటి పరిచి ఉంది. దాని అంచులు నేలదాకా వేలాడుతున్నాయి. పీరాసాబు ముసలాయనను రెక్కపట్టుకుని తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు. "సార్, మాకు సానుకూల భాషణం గురించి ఇంగ రెండు మాటలు చెప్పండి" అన్నాడు.

పరంజ్యోతి గారు రెండు మాటలతో సరిపెట్టే మనిషి కాదు. ఆయన చెబుతున్నంతసేపూ వాళ్లిద్దరూ గుడ్డ కింద చేతులు పెట్టుకుని, ఆయన కళ్లలోకే చూస్తూ విన్నారు. ముసలాయన ఒకసారి ముఖం చిట్లించాడు. పీరాసాబు చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ముసలాయన నిట్టూర్చాడు. "చూశారా, లోపలి సంఘర్షణ" అన్నారు పరంజ్యోతి గారు. ఆయన ముగించేసరికి బేరం కుదిరింది. మారెన్న నడుముకు కట్టుకున్న డబ్బు విప్పి ఇచ్చాడు. ముసలాయన పుల్లెద్దు పగ్గం మారెన్న చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పావగడ బస్సెక్కాడు. అంతమందిలో తెలివైనవాడు ఆయనే.

మేము పగ్గం పట్టుకుని గేటు దాకా పోయాం. గుమాస్తా ఆపాడు.

"ఎద్దు నైపుణ్యం?"

"లాగుతాది" అన్నాడు మారెన్న.

"అది పాత నైపుణ్యం. కొత్తది కావాలి."

సంతలో ఉన్న ఎద్దులన్నింటినీ షామియానా కిందికి తోలుకొచ్చారు. ఎద్దులకు భాషణం కుదరదు, లక్ష్య నిర్ధారణకు వాటి ఐదేళ్ల తర్వాతి సంగతి మాట్లాడుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. అందుకని శ్రద్ధగా వినడం అనే నైపుణ్యాన్ని ఖాయం చేశారు. పరంజ్యోతి గారు మైకు అందుకున్నారు. మనిషి తనలోని శక్తిని తెలుసుకోవడం ఎట్లా అన్నది విషయం. ఎదుట ఉన్నవి ఎద్దులు గదా అని విషయాన్ని ఆయన మార్చలేదు. ఎక్కడ మాట్లాడినా అదే ఉపన్యాసం.

మొదలైన కాసేపటికే ఒక ఎద్దు పేడ వేసింది. దాన్ని తప్పించారు. ఇంకొకటి అధికారి గారికి తెచ్చిన పూలగుచ్ఛం తినేసింది. చొరవ అన్న అంశం కింద దానికి మార్కులు వేయొచ్చా అని గుమాస్తా అడిగాడు గానీ, దాని యజమాని అప్పటికే దాన్ని కంచె మీదుగా దాటించుకుపోయాడు. మనుషులు ఒకరి తర్వాత ఒకరు మూత్రానికని లేచారు. లేచినవాళ్లు తిరిగిరాలేదు. పీరాసాబు కూర్చునే గుర్రుపెట్టాడు.

పుల్లెద్దు మాత్రం కదల్లేదు. చెవులు నిక్కించి, అధికారి గారి ముఖంలోకే చూస్తూ నిలబడింది. దాని మెడ మీద ఒక జోరీగ వాలింది. అందుకని తల ఊపింది. జోరీగ లేచి మళ్లీ వాలింది. మళ్లీ ఊపింది. పరంజ్యోతి గారు ఒక వాక్యం ముగించడం, జోరీగ వాలడం, ఎద్దు తల ఊపడం, మూడూ ఎట్లనో కుదిరిపోయాయి. ఆయన గొంతులో ఉత్సాహం పెరిగింది. కొత్త ఉదాహరణలు చెప్పారు. తన బాల్యం గురించి చెప్పారు. ఎద్దు అన్నింటికీ ఒప్పుకుంది.

ఉపన్యాసం ముగిసేసరికి షామియానా కింద పుల్లెద్దూ, దాని పగ్గం పట్టుకున్న మారెన్నా, నేనూ, నిద్రపోతున్న పీరాసాబూ మిగిలాం. పరంజ్యోతి గారి కళ్లు చెమ్మగిల్లాయి.

"నా సర్వీసులో నా మాట చివరిదాకా విన్నది ఇదొక్కటే" అన్నారు.

నాకు జాలేసింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. ఆయన గుమాస్తాకు చెప్పడం మొదలుపెట్టారు. "రాసుకోండి. సదరు వృషభమును ఉత్తమ శ్రోతగా గుర్తించడమైనది. జిల్లాలోని అన్ని శిక్షణ శిబిరాల్లో శ్రోతలకు ఆదర్శంగా నిలుపుటకై దీని సేవలను మిషన్ వినియోగించుకొనును. ఇకపై దీనిని కాడికి కట్టుట మానవ వనరుల దుర్వినియోగమగును."

"మానవ వనరులా సార్?" అన్నాను.

"మానవ తీసేయండి" అన్నారు గుమాస్తాతో.

మారెన్నకు అప్పటికి అర్థమయింది. పగ్గాన్ని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"సామీ, ఇది నా ఎద్దు. ఇప్పుడే కొంటి."

"మీదే. ఎవరు కాదన్నారు? యజమాని మీరు, సేవలు మావి. దీన్ని డెప్యుటేషన్ అంటారు."

"ఎప్పుడు పంపిస్తారు?"

"దాని ఎదుగుదల పూర్తయ్యాక."

"ఆరు పండ్లు వేసింది సామీ. ఇంగేం ఎదుగుతాది?"

"చూశారా, ఇదే పాత మైండ్‌సెట్. మీ ఎద్దు మీకంటే ముందుకు పోతుంటే అసూయపడుతున్నారు. గర్వపడటం నేర్చుకోండి."

"సామీ, పదును ఆరిపోతాండాది. రేపు పొద్దున విత్తుకుని, మాపటికి నేనే తోలుకొచ్చి మీకు ఒప్పజెప్తా. ఒక్క పూట ఇడ్సండి."

"ఒక కళాకారుణ్ణి ఒక పూట కూలికి పంపమంటే మీరు పంపుతారా?" అని అడిగారు పరంజ్యోతి గారు. లారీ తెప్పించారు. పుల్లెద్దు మెడలో దండ వేశారు. అది దండలో అందినంతమేరా తిని, బుద్ధిగా లారీ ఎక్కింది.

పీరాసాబు లేచి కళ్లు నులుముకుంటూ సంగతి విన్నాడు. "నా సర్వీసులో గూడా ఇట్లాంటి బేరం చూడల్యా. దుడ్డు నీదగ్గర తీస్కున్యారు, ఎద్దును వాళ్లు తీస్కున్యారు. మద్దిన గుడ్డ గూడా ల్యా" అన్నాడు.

మారెన్న జేబులోంచి సర్టిఫికెట్టు తీశాడు. "దీన్ని కాడికి కడితే లాగుతాదేమో అడగప్పా" అన్నాడు నాతో. అడుగుదామంటే జీపు అప్పటికే వెళ్లిపోయింది.

ఇంటి ముందు తిమ్మక్క విత్తనాలు నింపిన సంచులు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎద్దుకు హారతి ఇవ్వడానికి పళ్లెం కూడా సిద్ధం చేసి పెట్టింది.

"ఎద్దేది?"

"ఉద్యోగం వచ్చింది" అన్నాడు మారెన్న.

"నీకా?"

"ఎద్దుకి."

తిమ్మక్క మొగుడి నోటి దగ్గరికి వంగి వాసన చూసింది. తాగలేదు. అప్పుడు నా ముఖం చూసింది. నేను జరిగింది చెప్పాను. ఆమె హారతి పళ్లెం లోపల పెట్టి వచ్చింది. ఊళ్లో ఎవరినైనా జత అడుగుదామని నేను వీధులన్నీ తిరిగాను. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ఆ పదును అందరిదీ ఒకటే. అందరి ఎద్దులూ ఎవరి చేన్లో వాళ్లకు కావాలి. "మాది అయినాక ఇస్తాం" అన్నారు. వాళ్లది అయ్యేసరికి మారెన్న చేను రాయవుతుంది.

తెల్లవారుతూనే నేను చేనికి పోయేసరికి మారెన్న విత్తనం వేసే గొర్రు కట్టి ఉన్నాడు. కాడికి దాపట కర్రి నిలబడి ఉంది. వెలపట మారెన్న. పాత గోనెపట్ట మడతపెట్టి మెడ మీద వేసుకుని, కాడిని దాని మీదికి ఎత్తుకున్నాడు. తిమ్మక్క గొర్రు పట్టుకుంది. గింజలు వదిలే జడ్డిగం దగ్గర నన్ను నిలబడమన్నారు.

"మామా, నేను పడతా కాడి" అన్నాను.

"నీకు అలవాటు ల్యాదు."

"నీకుందా?"

"కర్రి నా మాట ఇంటాది. నువ్వు గింజలు ఇడ్సు."

కర్రి ఎత్తు, మారెన్న పొట్టి. కాడి ఒక పక్కకి వాలిపోయింది. సాలు వంకరగా పడుతోంది. కర్రి రెండడుగులు వేసి ఆగి, పక్కకు తిరిగి మారెన్నను చూసేది. మళ్లీ కదిలేది. ఎండ ఎక్కేసరికి సగం చేను అయింది. మారెన్న మెడ మీద తోలు లేచి గోనెపట్టకు అంటుకుంది. తిమ్మక్క గొర్రు వెనకనుంచి "ఆగుదామా" అంటే, "మట్టి చూడు" అనేవాడు. మట్టి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతోంది.

అప్పుడు రోడ్డు మీద జీపు ఆగింది. వెనక లారీ ఆగింది. లారీలో పుల్లెద్దు, మెడలో కొత్త దండ. పక్క మండలంలో శిబిరానికి పోతున్నారు.

పరంజ్యోతి గారు చేన్లోకి దిగి వచ్చారు. మారెన్న చుట్టూ ఒకసారి తిరిగారు.

"అద్భుతం" అన్నారు. "ఎవరూ నేర్పకుండా, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను కొత్త నైపుణ్యం. నిన్న ఇతనికి లక్ష్యమే లేదు. ఒక్క రాత్రిలో ఎంత ఎదుగుదల. ఇంతకాలం ఎద్దు మీద ఆధారపడి తన శక్తిని తానే తెలుసుకోలేకపోయాడు." లారీ వైపు చేయి చూపించారు. "ఏం, అంతేనా?"

లారీలో కూడా జోరీగలున్నాయి. పుల్లెద్దు తల ఊపింది.

"సామీ, మెడ పడిపోతాండాది. సగం చేను ఉండాది ఇంకా. ఎద్దును ఒక్క పూట దించండి" అన్నాడు మారెన్న కాడి కిందినుంచే. చేతులు జోడించాలని చూశాడు గానీ, కాడి వదిలితే కర్రి మీద పడుతుంది.

"ఈ స్థితిలో మళ్లీ ఎద్దు ఇస్తే మీరు వెనక్కి జారిపోతారు. మీ మేలు కోరి చెబుతున్నాను." గుమాస్తాను పిలిచి ఫొటో తీయించారు. కర్రి అడ్డం వస్తోందని దాన్ని కాస్త పక్కకు జరపమన్నారు. "జిల్లా అంతటా ఈ పద్ధతి పరిచయం చేద్దాం. ముందు చిన్న రైతులతో మొదలుపెట్టవచ్చు." తర్వాత తిమ్మక్క వైపు తిరిగారు. "చెప్పమ్మా. మీ ఆయన ఇంత ఎదిగినాడు గదా, నీకెట్లా ఉంది?"

తిమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎదిగినాడు సామీ. నిన్నటిదాకా మొగుడు. ఈపొద్దు ఎద్దయినాడు. ఇట్లే ఎదుగుతా పోతే రేపు మీమాదిరి ఆఫీసరైపోతాడేమోనని బయంగా ఉండాది."

గుమాస్తా కలం ఆగింది. పరంజ్యోతి గారు మాత్రం ముఖమంతా విప్పుకుని నవ్వారు.

"భయపడకమ్మా. కలలు పెద్దవిగానే ఉండాలి. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకోండి, వార్షిక నివేదికలో మొదటి పేజీ."

జీపు పోయింది, వెనక లారీ పోయింది. మిగిలిన సగంలో పదును లేదని మా ముగ్గురికీ తెలుసు. ఇక పడిన గింజ మొలవదనీ తెలుసు. అయినా విత్తనాల సంచి ఇంకా సగం నిండి ఉంది. దాన్ని ఇంటికి మోసుకుపోదామన్న మాట ముందు ఎవరు అనాలో తెలియక ముగ్గురం నిలబడ్డాం.

తిమ్మక్క గొర్రు పట్టుకుని, అలవాటు కొద్దీ నాలుక టకటకలాడించి అదిలించింది.

ఇద్దరూ కదిలారు.